ఆపరేషన్‌కు తేదీ ఇచ్చేశారు, నన్నెవరూ అడగలేదు

నెల్లూరు జిల్లా పొదలకూరు మండలం నుంచి ఒక సోదరి రాశారు. పేరూ ఊరూ వేయవద్దన్నారు. వయసు 41. అమ్మాయి నెల్లూరులో ఇంటర్ బైపీసీ చదువుతోంది, అబ్బాయి తొమ్మిదో తరగతి. అబ్బాయి పుట్టినప్పుడే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిపోయింది. రెండెకరాల నిమ్మతోట ఉంది. కోతల రోజుల్లో కాయ ఏరడం, సైజుల వారీగా వేరు చేయడం, బస్తాలకెత్తడం అన్నీ ఆవిడ చేతి మీదుగానే జరుగుతాయి.

ఏడాదిన్నరగా నెలసరి మొదలైతే తొమ్మిది పది రోజులు ఆగడం లేదు. మొదటి మూడు రోజులు గంటకూ గంటన్నరకూ ప్యాడ్ మార్చాల్సి వస్తోంది. రక్తం గడ్డలుగా పడుతోంది. రాత్రిళ్లు పాత చీరలు మడతలు వేసి పరుచుకుని పడుకుంటున్నారు. తోటలో నాలుగడుగులు గబగబా వేస్తే ఆయాసం, కళ్లు తిరగడం. ఊళ్లోని ఆర్.ఎం.పి. ఇంజెక్షన్లు, బిళ్లలు ఇచ్చాడు. ఒక నెల ఆగేది, మరో నెల రెట్టింపయ్యేది. చివరికి ఆయనే భార్యాభర్తలిద్దరినీ వెంటబెట్టుకుని నెల్లూరులోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

అక్కడ స్కానింగ్ చేసి గర్భసంచిలో 4 సెంటీమీటర్ల ఫైబ్రాయిడ్ గడ్డ ఉందన్నారు. హిమోగ్లోబిన్ 7.8 ఉందన్నారు. "గర్భసంచి తీసేయాలి, ఉంచితే రేపు క్యాన్సర్ అవుతుంది. రక్తం ఎక్కించి చేసేద్దాం" అని వచ్చే నెల మొదటి సోమవారం చేరమన్నారు. ఖర్చు 45 వేలు. మండీ వ్యాపారి దగ్గర రెండు రూపాయల వడ్డీకి తేవడానికి భర్త ఒప్పుకుని వచ్చారు. రిపోర్టులన్నీ ఆసుపత్రిలోనే ఉన్నాయి.

"మందులతో తగ్గదా అమ్మా అని ఒక్క మాట అడిగాను. 'అన్నీ నీకే తెలిస్తే ఇక్కడికెందుకు వచ్చావు' అన్నారు డాక్టరమ్మ. గదిలో ఉన్నవాళ్లంతా నవ్వారు. మా ఆయన కూడా. అప్పటి నుంచి నోరెత్త బుద్ధి కావడం లేదు" అని రాశారు. "పిల్లలు కనడం అయిపోయాక ఆ సంచితో పనేముంది, పీడ వదిలిపోతుంది" అంటున్నారట అత్తగారు. పెద్ద తోడికోడలికి 34 ఏళ్లకే గర్భసంచి తీశారు. ఇప్పుడు పదేళ్లయింది, ఒంట్లో ఆవిర్లు, కీళ్ల నొప్పులతో ఆమె మెట్లు కూడా ఎక్కలేకపోతోందట. "నేను అడగడం తప్పా? వద్దంటే క్యాన్సర్‌ను చేతులారా తెచ్చుకున్నదాన్ని అవుతానా? సరేనంటే మా అక్కలా అవుతానా?" అన్నవి ఆవిడ ప్రశ్నలు. ఇంకోటి ఉత్తరం చివర చిన్న అక్షరాల్లో ఉంది: "ఆర్.ఎం.పి. రోజూ సాయంత్రం ఇంటికి వచ్చి ఎప్పుడు వెళ్తున్నారని అడుగుతున్నాడు. ఆయనకేం చెప్పాలి?"

సమాధానం

మీ ఉత్తరంలో అందరూ గడ్డ గురించే మాట్లాడారు. డాక్టరు, మీ ఆయన, అత్తగారు, ఆర్.ఎం.పి., చివరికి మీరు కూడా. నాకు మాత్రం భయం వేసింది 7.8 అన్న అంకె చూసి. ఆడవాళ్లకు హిమోగ్లోబిన్ 12 ఉండాలి. 8 కంటే తగ్గితే దాన్ని తీవ్రమైన రక్తహీనత అంటారు. మీ ఆయాసం, కళ్లు తిరగడం అక్కడి నుంచే వస్తున్నాయి. 4 సెంటీమీటర్ల గడ్డ మూడు నెలలు ఆగగలదు. మీ రక్తం ఆగలేదు. అందుకే ఆపరేషన్ చేయించాలా వద్దా అన్నది పక్కన పెట్టి, రక్తం పని ఈ వారంలోనే మొదలుపెట్టండి. చివరికి ఆపరేషనే ఖాయమైనా, ఒంట్లో రక్తం ఉన్న మనిషికి చేయడం వేరు, 7.8తో ఉన్న మనిషికి బాటిల్ ఎక్కించి చేయడం వేరు.

దీనికి పెద్ద ఆసుపత్రే అక్కరలేదు. మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఐరన్ బిళ్లలు ఉచితం. మీ ఊరి ఆశా కార్యకర్తను అడిగినా చెబుతుంది. అయితే మీ అంకెకు బిళ్లలు సరిపోతాయా, సెలైన్‌లా నరంలోకి ఎక్కించే ఐరన్ కావాలా అన్నది డాక్టరే చెప్పాలి. బిళ్లలు పొట్టకు పడనివాళ్లకు, త్వరగా పెరగాల్సినవాళ్లకు ఆ రెండోది ఇస్తారు, కొన్ని వారాల్లోనే తేడా కనిపిస్తుంది. బిళ్లలైతే టీ, కాఫీ, పాలతో వేసుకోకండి, ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. నిమ్మరసంతో వేసుకుంటే బాగా పడుతుంది. ఊరంతటికీ నిమ్మకాయలు పంపే ఇంట్లో మీరు టీతో బిళ్ల మింగుతుంటారేమోనని నాకు అనుమానం. విరేచనం నల్లగా వస్తే భయపడి మానేయకండి, అది ఐరన్ రంగు. అంకె 12 దాటాక కూడా మరో రెండు మూడు నెలలు వాడితేనే ఒంట్లో నిల్వ చేరుతుంది.

ఈ మధ్యలో గంటకు రెండు ప్యాడ్ల చొప్పున తడవడం, నిలబడితే స్పృహ తప్పేలా ఉండటం, గుండె దడ, కూర్చున్నా ఆయాసం లాంటివి వస్తే ఈ చర్చలన్నీ పక్కన పెట్టి 108 పిలవండి. అప్పుడు రక్తం ఎక్కించాల్సిందే. ఆలోచించుకోవడానికి సమయం ఉందని నేను చెప్పేదంతా ఆ పరిస్థితి లేనప్పుడే వర్తిస్తుంది.

ఇప్పుడు క్యాన్సర్ మాట. ఫైబ్రాయిడ్ అంటే గర్భసంచి కండరంలో పెరిగే మామూలు గడ్డ. యాభై ఏళ్లు వచ్చేసరికి సగానికి పైగా స్త్రీలలో ఉంటుంది, చాలామందికి ఉన్న సంగతే తెలియదు. అది క్యాన్సర్‌గా మారడం అత్యంత అరుదు. నెలసరి ఆగిపోయాక సాధారణంగా అదే కుంచించుకుపోతుంది. మన దేశంలో సగటున 46, 47 ఏళ్లకు నెలసరి ఆగుతుంది. అంటే మీ ముందున్న అసలు ప్రశ్న ఈ ఐదారేళ్లు రక్తం పోకుండా ఎలా గట్టెక్కాలన్నది. ఆ దారుల్లో ఆపరేషన్ ఒకటి.

అలాగని క్యాన్సర్ ఊసే లేదని నేను అనను. 40 దాటిన స్త్రీకి నెలసరి ఇంత తేడాగా వస్తుంటే గర్భసంచి లోపలి పొరను చూడాలి. సన్నటి గొట్టంతో ఆ పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. చాలాసార్లు మత్తు కూడా అవసరం ఉండదు, అదే రోజు ఇంటికి వచ్చేయవచ్చు. గర్భాశయ ముఖద్వారానికి వేరే పరీక్ష ఉంది, అది కూడా చేయించుకోండి. ఈ రెండూ బాగుంటే క్యాన్సర్ భయం చాలా మటుకు తీరిపోతుంది. ఏదైనా తేడా కనిపిస్తే అప్పుడు గర్భసంచి తీయడానికి నిజమైన కారణం దొరికినట్టు. మీకు నా కోపమంతా ఇక్కడే అర్థమవ్వాలి. క్యాన్సర్ అన్న మాట వాడారు, క్యాన్సర్ ఉందో లేదో చూసే పరీక్ష ఊసెత్తలేదు. ఒకవేళ చేసి ఉంటే మీకు చెప్పలేదు. మీ ఉత్తరంలో ఆ ప్రస్తావనే లేదు.

ఇలా జరిగింది మీ ఒక్కరికే కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3 శాతం పైచిలుకు. మన ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం. మన ఆడవాళ్ల గర్భసంచులకు ప్రత్యేకంగా జబ్బులేమీ రావు. చిన్న వయసులో పెళ్లి, ఇరవైల్లోనే కు.ని. ఆపరేషన్, ఆ తర్వాత "ఇంకెందుకది" అన్న మాట, తెల్లబట్ట అయినా నడుము నొప్పి అయినా కత్తే మందన్నట్టు సాగే వ్యవహారం, అన్నీ కలిసి అక్కడికి తెచ్చాయి. అనవసరంగా గర్భసంచులు తీయకుండా కేంద్ర ప్రభుత్వం 2022లో మార్గదర్శకాలు తెచ్చింది, వాటిని అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలని 2023లో సుప్రీంకోర్టు ఆదేశించింది. మీ డాక్టరు మోసం చేస్తున్నారని నేను అనడం లేదు. బయట యాభై మంది కూర్చుని ఉన్నప్పుడు, మీరు మళ్లీ మళ్లీ వచ్చి చూపించుకుంటారన్న నమ్మకం లేనప్పుడు, ఒక్కసారితో తేలిపోయే దారిని డాక్టర్లు ఎంచుకోవడం కద్దు. ఆవిడ ఉద్దేశం మంచిదే అయినా, ఆవిడ ఎంచుకున్నది మీ ఒంటి మీద జరగబోయే పని. అందుకని మీరు అడగడం తప్పు ఎలా అవుతుంది?

ముందు మీ కాగితాలు మీ చేతికి రావాలి. రోగి అడిగితే వైద్య రికార్డులు 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళిలోనే ఉంది. గొడవకు దిగనక్కరలేదు. "బంధువుల్లో ఒక డాక్టరుకు చూపించాలి, స్కానింగ్ రిపోర్టు, రక్త పరీక్షలు, మందుల చీటీ జిరాక్సులు ఇవ్వండి" అని రిసెప్షన్‌లో అడగండి. ఇస్తారు. ఇవ్వకపోతే తెల్ల కాగితం మీద అర్జీ రాసి, తేదీ వేసి, ఒక నకలు మీద వాళ్ల సంతకం తీసుకోండి. అర్జీ చూడగానే చాలా చోట్ల జిరాక్స్ మిషన్ పనిచేయడం మొదలుపెడుతుంది.

స్కానింగ్ రిపోర్టు వచ్చాక మీ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకోండి. బైపీసీ చదివే పిల్లకు అందులో సగం అర్థమవుతుంది. గడ్డ ఎంత ఉందన్న అంకె దగ్గరే ఆగకండి, ఎక్కడ ఉందో చూడండి. సబ్‌మ్యూకస్ అని ఉంటే లోపలి పొర కిందికి చొచ్చుకు వచ్చిందని అర్థం, చిన్నదైనా రక్తం బాగా పోయేలా చేసేది అదే. ఇంట్రామ్యూరల్ అంటే గోడలో ఉన్నది. సబ్‌సీరస్ అంటే బయటి వైపు ఉన్నది, అది సాధారణంగా నెలసరిని అంతగా పెంచదు. ఒకవేళ మీ గడ్డ పూర్తిగా బయటి వైపు ఉందని రాసి ఉంటే, రక్తం పోవడానికి కారణం వేరే ఉందేమో వెతకాలి. థైరాయిడ్ చూశారా? ఆ పరీక్ష చేయకుండా గర్భసంచి మీద నేరం మోపడం తొందరపాటు. ఎండోమెట్రియమ్ అన్న మాట పక్కన మిల్లీమీటర్లలో ఒక అంకె ఉంటుంది, అదే లోపలి పొర మందం. నెలలో ఏ రోజు స్కానింగ్ తీశారన్న దాన్ని బట్టి అది మారుతుంది కాబట్టి మీ నెలసరి తేదీ గుర్తుచేసుకుని డాక్టరుకు చెప్పాలి. అండాశయాల గురించి ఒక వరుస ఉంటుంది, అవి మామూలుగా ఉన్నాయని రాసి ఉంటే ఆ వరుస కింద గీత గీసి పెట్టుకోండి. ఎందుకో తర్వాత చెబుతాను.

ఆర్.ఎం.పి. ఇచ్చిన బిళ్లల అట్టలు పారేయకుండా దాచండి. అవి హార్మోన్ బిళ్లలైతే వాడినన్నాళ్లు ఆగి, మానేయగానే ఒక్కసారిగా రావడం వాటి స్వభావం. మీకు ఒక నెల ఆగి మరో నెల రెట్టింపు కావడానికి అదే కారణం కావచ్చు. అదే నిజమైతే మీరు "మందులు పనిచేయలేదు" అనుకుంటున్నది నిజానికి మందులు సరిగ్గా వాడని కథ. వంటింట్లో వేలాడే క్యాలెండర్ మీద వచ్చే నెలసరి నుంచి రోజుకు ఎన్ని ప్యాడ్లు, గడ్డలు పడ్డాయా, పడితే ఎంత పెద్దవి అని పెన్సిల్‌తో రాయండి. "చాలా అవుతోంది" అంటే డాక్టరు తల ఊపుతారు. "మొదటి మూడు రోజులు రోజుకు పద్నాలుగు" అంటే రాసుకుంటారు.

ఈ కాగితాలతో మరో గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లండి. నెల్లూరు దర్గామిట్టలోని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి వైద్య కళాశాలకు అనుబంధం, అక్కడ ఆ విభాగమంతా ఉంది, ఖర్చు ఉండదు. లైను ఉంటుంది, పొద్దున్నే వెళ్లాలి, ఒక రోజు కూలి పోతుంది. ప్రైవేటుకే వెళ్తామంటే ఆర్.ఎం.పి. చెప్పిన చోటు కాకుండా మీరు ఎంచుకున్న చోటుకు వెళ్లండి, ఆయన్ను వెంట తీసుకెళ్లకండి.

గదిలో నవ్వినప్పుడు మీ నోరు మూతపడిందన్నారు. ఈసారి అడగాల్సినవి అమ్మాయి చేత కాగితం మీద రాయించుకుని వెళ్లండి. కాగితం చూసి చదివేవాళ్లను చూసి ఎవరూ నవ్వరు. "మందులతో తగ్గదా" అన్న ప్రశ్నకు తగ్గదు అన్న ఒక్క ముక్కతో జవాబు అయిపోతుంది. అలా కాకుండా ఇలా అడిగి చూడండి: "అమ్మా, మీ మాట కాదనడం లేదు. ఆరు నెలలు మందులతో చూస్తే నాకు జరిగే నష్టమేమిటి? ఆపరేషన్ చేస్తే ఏమేం తీస్తారు? అండాశయాలు ఉంచుతారా?" ఈ మూడింటికీ జవాబు ఒక మాటలో రాదు, డాక్టరు కూర్చుని చెప్పాల్సిందే. చెప్పింది అర్థం కాకపోతే "నాకు అర్థమైంది ఇదీ, సరేనా" అని తిరిగి చెప్పండి. విసుక్కునే డాక్టరు కూడా తప్పును దిద్దకుండా ఉండలేరు.

ఇక మీ ముందున్న దారులు. మిమ్మల్ని పరీక్ష చేయని నేను ఇది చేయండని చెప్పలేను, ఏది ఎంచుకుంటే ఏమవుతుందో చెప్పగలను.

నెలసరి రోజుల్లో మాత్రమే వేసుకునే ట్రానెక్సామిక్ ఆమ్లం బిళ్లలు ఉన్నాయి. హార్మోన్లు కావు. పోయే రక్తాన్ని మూడో వంతు నుంచి సగం దాకా తగ్గిస్తాయి. గడ్డను కరిగించవు, పని ఆ నెల వరకే. కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లకు పనికిరావు, కనుక డాక్టరు రాయాలి. మీ ఐరన్ పెరిగేదాకా కాలం గడపడానికి ఇవి బాగా ఉపయోగపడతాయి. హార్మోన్ బిళ్లలు రెండో రకం. క్రమం తప్పకుండా, చెప్పినన్ని రోజులు వాడితే రక్తం తగ్గుతుంది. ఒళ్లు బరువెక్కడం, చికాకు కొందరికి ఉంటాయి.

నాకు మీ విషయంలో ఎక్కువ ఆశగా అనిపిస్తున్నది హార్మోన్ విడుదల చేసే లూప్. కాపర్-టి లాగానే గర్భసంచిలో అమరుస్తారు, ఐదేళ్లు పైనే పనిచేస్తుంది. మీ లెక్కకు సరిగ్గా సరిపోతుంది కదా. చాలామందికి రక్తం బాగా తగ్గిపోతుంది, కొందరికి నెలసరే రాదు. మొదటి మూడు నుంచి ఆరు నెలలు మాత్రం చుక్కలు చుక్కలుగా కనిపిస్తూ విసిగిస్తుంది. అప్పుడు అత్తగారు "చెప్పానా" అంటారు. ఆ ఆరు నెలలు ఓర్చుకోలేక తీయించేసుకునేవాళ్లు చాలామంది. పైగా గడ్డ లోపలి గదిలోకి చొచ్చుకు వచ్చి ఉంటే లూప్ నిలవక జారిపోవచ్చు. మళ్లీ రిపోర్టులో గడ్డ ఎక్కడుందన్న మాటకే వచ్చాం.

గడ్డ లోపలికి ఉంటే కింది నుంచే కెమెరా గొట్టం పంపి దాన్ని మాత్రం తొలగించవచ్చు. గోడలో ఉంటే గడ్డను మాత్రమే తీసే ఆపరేషన్ వేరే ఉంది. గర్భసంచి నిలుస్తుంది, కానీ కొత్త గడ్డలు పుట్టే అవకాశమూ ఉంటుంది. ఇక పిల్లలు వద్దనుకున్న 41 ఏళ్ల మనిషికి ఈ రెండోది అంత లాభమా అని డాక్టర్లు సందేహిస్తారు, ఆ సందేహం సబబే.

చివరిది గర్భసంచి తీసేయడం. దీన్ని రాక్షసిలా చూడకండి. మందులు, లూప్ పనిచేయనివాళ్లకు, గడ్డలు మరీ పెద్దవై పక్కనున్న మూత్రాశయాన్ని నొక్కుతున్నవాళ్లకు, పరీక్షలో తేడా వచ్చినవాళ్లకు అది మంచి వైద్యమే. చేయించుకుని హాయిగా ఉన్నవాళ్లు ఎందరో. నెలసరి బాధ ఇక ఉండదు, రక్తం తిరిగి పుంజుకుంటుంది. అయితే మత్తు, ఇన్ఫెక్షన్, మూత్రాశయానికి దెబ్బ తగలడం లాంటి ప్రమాదాలు తక్కువైనా ఉంటాయి. పొట్ట కోసి చేస్తే సుమారు ఆరు వారాలు బరువెత్తకూడదు. కింది నుంచి గానీ కెమెరాతో గానీ చేస్తే కోలుకోవడం త్వరగా ఉంటుంది, మీకు ఏ పద్ధతి అని అడగండి. ఆరు వారాలంటే మీ ఇంట్లో ఏమిటో నాకు తెలుసు. నిమ్మకాయకు ధర పలికేది ఎండాకాలంలోనే. ఆ కోతకు ముందు చేయించుకుని, మూడో వారంలోనే బస్తా ఎత్తే ఆడవాళ్లు మన పల్లెల్లో ఉన్నారు. అందుకే ఆపరేషనే అనుకుంటే తేదీ ఆసుపత్రి సౌకర్యాన్ని బట్టి కాకుండా మీ రక్తం అంకెను, తోట పనిని బట్టి పెట్టించుకోండి.

అండాశయాల వరుస కింద గీత గీయమన్నాను. ఒంటికి ఆడ హార్మోన్లు అందించేవి అవే. గర్భసంచి తీసి అండాశయాలు ఉంచితే నెలసరి ఆగుతుంది కానీ హార్మోన్లు వస్తూనే ఉంటాయి. కొందరిలో రెండు మూడేళ్లు ముందుగా తగ్గవచ్చు. రెండు అండాశయాలూ తీసేస్తే ఆ రోజు నుంచే ముట్లుడిగిన ఒళ్లు అయిపోతుంది. ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, ఎముకలు గుల్లబారడం, గుండె జబ్బు ముప్పు పెరగడం అన్నీ దాని వెంట వస్తాయి. మీ తోడికోడలి ఆవిర్లు, నొప్పులు వింటుంటే 34 ఏళ్లకే ఆమెకు రెండూ తీసేశారేమోనని నాకు అనుమానం. ఆమె డిశ్చార్జి కాగితం ఎక్కడైనా ఉంటే వెతకమనండి. అదే నిజమైతే ఆమె ఇప్పుడైనా ఎముకల పరీక్ష చేయించుకుని మందులు వాడాలి. వయసు మీద పడిందని సరిపెట్టుకోవాల్సిన ఖర్మ ఆమెకు లేదు. మీకు ఆపరేషన్ జరిగితే మాత్రం "ఆరోగ్యంగా ఉన్న అండాశయాలు తీయకూడదు" అన్న మాట అంగీకార పత్రం మీద రాయించి, ఆ తర్వాతే సంతకం పెట్టండి.

ఆ సంతకం మీది. 2008లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన ఒక కేసులో, లోపల ఏముందో చూసే పరీక్ష కోసం చేరిన 44 ఏళ్ల మహిళకు మత్తులో ఉండగా గర్భసంచి, అండాశయాలు తీసేశారు. బయట ఉన్న తల్లి సంతకం పెట్టింది కదా అన్నారు. ప్రాణం మీదికి రాని పరిస్థితిలో తెలివితో ఉన్న మనిషి అంగీకారం ఆ మనిషే ఇవ్వాలని, పరీక్షకు ఇచ్చిన అంగీకారం ఆపరేషన్‌కు చెల్లదని కోర్టు తేల్చింది. కన్నతల్లి సంతకమే చెల్లనప్పుడు భర్త నోటిమాట ఎలా చెల్లుతుంది? మీ కు.ని. ఆపరేషన్ నాడు మిమ్మల్ని ఎవరూ అడిగి ఉండకపోవచ్చు. ఈసారి అడగకుండా మీ మీద చేయి వేయడానికి వీల్లేదు.

మీ ఆయనతో ఈ తీర్పు గురించి మాట్లాడకండి, ఇంట్లో కోర్టు పెట్టినట్టవుతుంది. ఆయన నవ్వడం మీ మనసులో ముల్లులా దిగిందని ఉత్తరంలోనే తెలుస్తోంది. నాకు అనిపించేది, ఆ గదిలో ఆయనకూ భయం వేసి ఉంటుంది. డాక్టరు ముందు నలుగురూ నవ్వుతుంటే కలిసి నవ్వడం తప్ప ఏం చేయాలో తెలియని మగవాళ్లు చాలామంది. ఆ సంగతి ఆయనతో ఒకసారి చెప్పుకోవాలనిపిస్తే చెప్పుకోండి, ఆ వెంటనే డబ్బు లెక్క తీయండి. 45 వేలకు నూటికి రెండు రూపాయలంటే నెలకు 900 రూపాయల వడ్డీ. మండీ వ్యాపారి దగ్గర అప్పుంటే కాయ ఆయనకే వేయాలి, ధర ఆయన చెప్పిందే. మూడు నెలలు ఆగి చూస్తే ఖర్చు బస్సు చార్జీలు, కొన్ని మందులు. అప్పుడూ ఆపరేషనే అని తేలితే ప్రభుత్వ ఆసుపత్రిలో చేయించుకోవచ్చు. ఎన్టీఆర్ వైద్య సేవ కింద మీ కార్డుకు ఏ చికిత్స ఎక్కడ వర్తిస్తుందో 104కు ఫోను చేసి అడగవచ్చు, ఆ పథకం ఉన్న ఆసుపత్రుల్లో వైద్యమిత్ర కూడా చెబుతారు. ఇదంతా వద్దు, చేరే తేదీకే వెళ్లిపోదాం అని మీకే గట్టిగా అనిపిస్తే అదీ ఒక నిర్ణయమే. ఏడాదిన్నర బాధ పడ్డ మనిషి ఇక చాలు అనడాన్ని నేను తప్పుపట్టను. అప్పుడైనా లోపలి పొర పరీక్ష, రక్తం పెరగడం, అండాశయాల మాట, ఈ మూడూ అయ్యాకే వెళ్లండి. తేదీ మూడు వారాలు జరిపినంత మాత్రాన ఏ ఆసుపత్రీ మిమ్మల్ని వెళ్లగొట్టదు.

అత్తగారికి వివరించే పని పెట్టుకోకండి. ఆవిడ కాలంలో ఆడవాళ్ల నొప్పికి ఎవరూ మందు వేయలేదు, అందుకే పీడ వదలడమే ఆవిడకు తెలిసిన వైద్యం. రక్తం పట్టాక మీ మొహం తేటపడితే ఆవిడే పక్కింటివాళ్లకు నిమ్మరసం, ఐరన్ బిళ్ల గురించి చెబుతారు.

ఇక ఆర్.ఎం.పి. సంగతి. ఆసుపత్రికి మనిషిని తీసుకొస్తే కమీషన్ ముట్టడం మన దగ్గర బహిరంగ రహస్యం. ఈయనకు ముట్టిందో లేదో మనకు తెలియదు. రోజూ సాయంత్రం వచ్చి అడగడం మాత్రం జ్వరం వచ్చిన ఇంటికి వచ్చే తీరు కాదు. అయినా ఆయనతో తగవు పెట్టుకోకండి, రేపు అర్ధరాత్రి అబ్బాయికి జ్వరం వస్తే తలుపు కొట్టేది ఆయన ఇంటికే. "రక్తం మరీ తక్కువగా ఉందట, ఎక్కాక చూస్తాం" అనండి. అబద్ధం కూడా కాదు. మళ్లీ అడిగితే మళ్లీ అదే అనండి. ఇంజెక్షన్ తీసుకొస్తే మాత్రం వద్దనండి, దాని పేరు చీటీ మీద రాసిమ్మని అడగండి.